బస్సులు బ్యాంకాక్‌లో.. లెక్క స్విట్జర్లాండ్ ఖాతాలో! కార్బన్ క్రెడిట్ల బేరంలో భారత్‌కు లాభమా, నష్టమా?

బ్యాంకాక్ రోడ్లపై ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. వాటివల్ల తగ్గిన పొగ లెక్క మాత్రం ఎక్కడో ఉన్న స్విట్జర్లాండ్ ఖాతాలో పడింది. వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం. థాయ్‌లాండ్ నుంచి స్విట్జర్లాండ్‌కు 1,916 కార్బన్ క్రెడిట్లు బదిలీ అయినట్టు 2024 జనవరిలో ప్రకటించారు. పారిస్ ఒప్పందంలోని 6వ ఆర్టికల్ కింద ఒక దేశం తన లక్ష్యం కోసం ఇంకో దేశం నుంచి ఇలా క్రెడిట్లు తీసుకోవడం అదే మొదటిసారి.

ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ తగ్గించినట్టు లెక్క. 1990తో పోలిస్తే 2030 నాటికి ఉద్గారాలను సగానికి తగ్గిస్తామని స్విట్జర్లాండ్ మాటిచ్చింది. కానీ సొంత దేశంలో తగ్గించాలంటే ఖర్చెక్కువ. అందుకే కొంత భాగాన్ని బయట కొనుక్కుంటోంది. డబ్బు ఇచ్చేది అక్కడి పెట్రోల్, డీజిల్ దిగుమతి కంపెనీల ఫౌండేషన్. సింగపూర్‌ది ఇంకో దారి. అక్కడ కార్బన్ పన్ను కట్టే కంపెనీలు, పన్ను పడే ఉద్గారాల్లో 5 శాతం వరకు విదేశీ క్రెడిట్లు చూపించొచ్చు. యూరోపియన్ యూనియన్ మంత్రులు కూడా 2040 లక్ష్యంలో 5 శాతం వరకు విదేశీ క్రెడిట్లకు 2025 నవంబర్‌లో ఓకే చెప్పారు.

మరి ఒకే టన్నును ఇద్దరూ లెక్కేసుకుంటే? ఒకే ప్లాటును ఇద్దరికి రిజిస్ట్రేషన్ చేసినట్టే అవుతుంది. దాన్ని ఆపడానికే 'కరెస్పాండింగ్ అడ్జస్ట్‌మెంట్' అనే రూల్ పెట్టారు. పేరు పెద్దదే కానీ విషయం సింపుల్. క్రెడిట్ అమ్మిన దేశం ఆ టన్నును తన లెక్కలో మళ్లీ కలుపుకోవాలి. కొన్న దేశం తన లెక్కలోంచి తీసేసుకుంటుంది. అంటే బ్యాంకాక్ గాలి బాగుపడినా, ఆ 1,916 టన్నులు తగ్గించామని థాయ్‌లాండ్ చెప్పుకోలేదు. 2021లో గ్లాస్గో సదస్సులో కుదిరిన ఈ రూల్స్‌లో మిగిలిపోయిన చిక్కుముళ్లను 2024లో బాకు సదస్సులో విప్పారు.

అసలు పేచీ ఎక్కడ?

లెక్కలు పక్కాగా ఉంటే సరిపోదు. ఆ డబ్బు రాకపోయినా ఆ పని జరిగేదేనా అన్నది అసలు ప్రశ్న. బ్యాంకాక్ బస్సుల మీద స్విట్జర్లాండ్‌లోని స్వచ్ఛంద సంస్థలే ఈ అనుమానం లేవనెత్తాయి. ఎలాగూ వచ్చే బస్సులకు క్రెడిట్లు ఇస్తే భూమికి ఒరిగేదేమీ లేదు. పైగా కొన్న దేశం ఆ మేరకు తన పొగ తాను వదులుతూనే ఉంటుంది. పొగ తక్కువొచ్చే పొయ్యిల కథ ఇంకా ఘోరం. ఆఫ్రికాలో, మన దేశంలో ఈ పొయ్యిలు పంచి క్రెడిట్లు అమ్ముకున్న ప్రాజెక్టులు చాలానే ఉన్నాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు కొన్ని పొయ్యిల ప్రాజెక్టులను తీసుకుని లెక్కేస్తే, నిజంగా తగ్గిన దానికంటే 9 రెట్లకు పైగా క్రెడిట్లు ఇచ్చినట్టు తేలింది. 2024లో వచ్చిన అధ్యయనం ఇది. కొత్త పొయ్యి ఇచ్చినా పక్కనే పాత కట్టెల పొయ్యి వెలుగుతూనే ఉంటుందని పల్లెలో ఎవరిని అడిగినా చెబుతారు!

భారత్‌కు ఈ వ్యాపారం కొత్తేం కాదు. క్యోటో ఒప్పందం కింద నడిచిన సీడీఎం పథకంలో ప్రాజెక్టుల సంఖ్యలో చైనా తర్వాత మనమే. ఢిల్లీ మెట్రో రైళ్లు బ్రేక్ వేసినప్పుడు పుట్టే కరెంటుకు కూడా అప్పట్లో క్రెడిట్లు వచ్చాయి. కానీ 2008లో 20 యూరోలు దాటిన క్రెడిట్ ధర, 2012 చివరికి ఒక్క యూరో కంటే కిందకి పడిపోయింది. సరుకు ఎక్కువై, కొనేవాళ్లు తగ్గారు. ప్రాజెక్టులు పెట్టుకున్నవాళ్లు నిలువునా మునిగారు. ఆ తర్వాత 2016లో యూరోపియన్ కమిషన్ చేయించిన అధ్యయనం ఇంకో బాంబు పేల్చింది. సీడీఎం ప్రాజెక్టుల్లో 85 శాతం, ఆ డబ్బు లేకపోయినా జరిగేవే అయ్యుండొచ్చని చెప్పింది.

ఇప్పుడు మళ్లీ బేరం మొదలైంది. 2025 ఆగస్టులో భారత్, జపాన్ జాయింట్ క్రెడిటింగ్ మెకానిజం ఒప్పందం కుదుర్చుకున్నాయి. జపాన్ డబ్బు, టెక్నాలజీ తెస్తుంది. ఇక్కడ ప్రాజెక్టు వస్తుంది. పుట్టిన క్రెడిట్లలో కొంత జపాన్‌కు, కొంత మనకు. 2030 నాటికి ఇలాంటి ఒప్పందాల ద్వారా మొత్తం 10 కోట్ల టన్నులు తగ్గించాలన్నది జపాన్ ప్లాన్.

చవకైనవి అమ్మేస్తే తర్వాత ఏంటి?

2005తో పోలిస్తే జీడీపీలో ప్రతి రూపాయికీ వెలువడే ఉద్గారాలను 2030 నాటికి 45 శాతం తగ్గిస్తామని భారత్ మాటిచ్చింది. 2070కి నెట్ జీరో అంది. సులువుగా, చవకగా తగ్గించగలిగే టన్నులన్నీ ఇప్పుడే అమ్మేసుకుంటే, రేపు మన లక్ష్యానికి మిగిలేవి ఖరీదైన పనులే. సిమెంట్, స్టీలు లాంటి చోట్ల ఒక్కో టన్ను తగ్గించడానికి అయ్యే ఖర్చు మామూలుగా ఉండదు.

ఈ చిక్కు ఢిల్లీకి తెలుసు. 2023 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన 13 పనుల జాబితా చూస్తేనే అర్థమవుతుంది. గ్రీన్ హైడ్రోజన్, సముద్రంలో పెట్టే గాలిమరలు, విమానాలకు వాడే పర్యావరణ హిత ఇంధనం, కార్బన్‌ను పట్టి నిల్వ చేసే టెక్నాలజీ.. ఇలా ఇంకా ఖరీదుగా ఉన్నవే అందులో ఎక్కువ. మామూలు సోలార్ ప్లాంట్లకు చోటివ్వలేదు. సోలార్ మనం సొంతంగానే పెట్టుకోగలం కాబట్టి, ఆ టన్నులు మన ఖాతాలోనే ఉండాలన్నది లెక్క. ఇది తెలివైన పనే.

అరకు లోయలో గిరిజన రైతులు నాటిన లక్షల మొక్కలకు విదేశీ కంపెనీల ఫండ్ డబ్బు పెట్టిన సంగతి చాలామందికి తెలుసు. అది కంపెనీలు స్వచ్ఛందంగా కొనే మార్కెట్. పైన చెప్పిన దేశాల ఖాతాల వ్యవహారం వేరు. రెండూ ఒకటే అనుకుని 'అరకు చెట్లతో మన దేశ లక్ష్యం అమ్మేశారు' అంటూ వాట్సాప్‌లో తిప్పాల్సిన పనిలేదు.

జపాన్‌తో బేరంలో చూడాల్సింది రెండే. క్రెడిట్లలో మన వాటా ఎంత? అవతలికి ఇచ్చిన ప్రతి టన్నుకూ వచ్చే డబ్బు, టెక్నాలజీ, రేపు అదే టన్నును మనం మరోచోట తగ్గించడానికి అయ్యే ఖర్చుకు సరిపోతాయా?