పెండ్లికి ఏ గిటారు?



జమ్మలమడుగు దగ్గరి పల్లెనుండి ఒక తండ్రిగారు మాకు ఉత్తరము వ్రాసినారు. కుమార్తె పెండ్లి దగ్గరపడినది. బెంగుళూరులో చదువుకొనే మేనల్లుడు గుడిలో గిటారు వాయిస్తానంటున్నాడు. ఎకౌస్టిక్ గిటారు తేవాలా, క్లాసికల్ తేవాలా అని అడిగితే ఇంటిలో ఎవరికీ తెలియలేదట. అవ్వ మాత్రము, "హార్మోనియము, తబల లేకుండా అదేమి పెండ్లి?" అని అలిగి కూర్చున్నదట. పట్నమునుండి పార్టీని పిలిపించాలంటే అప్పు చేయవలసి వస్తుందని చివర చిన్న అక్షరములతో వ్రాసినారు.

అప్పు మాట మరచిపొండి. మేనల్లుడు చాలును.

చూపునకు రెండు గిటారులూ ఒకటే, ఆరేసి తీగలు. ఎకౌస్టిక్ అని మనవారు పిలిచేదానికి ఉక్కు తీగలు. పిక్‌తో మీటితే ఖంగున మ్రోగుతుంది. క్లాసికల్‌కు నైలాను తీగలు. వ్రేళ్లతో మీటుతారు, నాదము మెత్తన. పూర్వము వాటికి జంతువుల ప్రేగులతో చేసిన తీగలు కట్టేవారు, నైలాను వచ్చినది 1940లలో. అబ్బాయికి ఒక మాట చెప్పండి: క్లాసికల్‌కు ఉక్కు తీగలు కట్టకూడదు. ఆ లాగుడుకు తీగలను పట్టియుంచే చెక్క ఊడివస్తుంది.

ఇక మన గుడి సంగతి. పెండ్లినాడు చాపలమీద చోటు చాలనంత జనము, పసిపిల్లల ఏడ్పులు, బయట వంటవారి కేకలు. మైకు లేనిదే నైలాను గిటారు మూడవ వరుసకు కూడా వినబడదు. కర్నూలు వైపు ఒక పెండ్లిలో మేమే చూచాము. అబ్బాయి చక్కగా వాయిస్తుండగా కరెంటు పోయినది. వ్రేళ్లు కదలడము కనబడుతున్నది, పాట లేదు. వెనుకనుండి ఒక తల్లి కీర్తన ఎత్తుకొంటే సంఘమంతా అందుకొన్నది.

కాబట్టి ఒక్క గిటారే అయితే ఉక్కు తీగలదే తెమ్మనండి. పెండ్లికూతురు నడచివచ్చేటప్పుడు పిక్ ప్రక్కనపెట్టి వ్రేళ్లతో మెల్లగా మీటినా బాగుంటుంది.

అయితే అవ్వ అలుక ఊరికే కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరవండి, కీర్తనపైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైనవారు మన రాగములలోనే వ్రాసినారు. హార్మోనియము గొంతు వెంట స్వరము స్వరముగా నడుస్తుంది. కార్డ్స్ పట్టి దబదబ గీకితే రాగము నలిగిపోతుంది. అందుచేత కీర్తనలకు హార్మోనియము ముందు, గిటారు వెనుక. గిటారు విదేశీయమని మాత్రము ఎవరూ అనవద్దు. హార్మోనియమునకు పారిస్‌లో 1842లో పేటెంటు ఇచ్చినారు. అందరూ అడిగే పెండ్లి మార్చ్‌ను మెండెల్సన్ ఆ ఏడే కూర్చినాడు, అదీ షేక్స్‌పియరు నాటకము కొరకు!

ముందురోజు సాయంత్రము అబ్బాయిని హార్మోనియము వద్ద కూర్చోబెట్టండి. దాని శృతి మార్చలేము, గిటారే సరిపెట్టుకోవాలి. ఆడవారి గొంతుకు ఎత్తు చాలకపోతే గిటారు మెడకు కేపో బిగిస్తే సరి. మొదటి కీర్తన ఏదో అవ్వనే అడగండి.