పెయింట్ కంటే ముందు సిల్స్
పాత ఎమ్‌జీబీ కొన్నవాళ్లు ముందు పెయింట్ సంగతి అడుగుతారు; నేనైతే తలుపు కింది సిల్ చూడమంటాను. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్‌డన్‌లో తయారైన ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఎముకల గూడు. పైకప్పు లేని రోడ్‌స్టర్‌కైతే బలం చాలావరకు ఆ సిల్స్‌లోనే ఉంది. ఇంగ్లండ్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు వాటిని లోపల్నుంచి తినేస్తుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఇనుము పొరలుపొరలుగా రాలుతుంది. అలాంటి చోట ఫిల్లర్ మెత్తి రంగు కొట్టడం కారుకు చేసే ద్రోహం. తుప్పు కోసేముందు బాడీ కింద ఆసరా పెట్టి, తలుపు సందుకు అడ్డంగా కమ్మీ బిగించాలి. లేదంటే బాడీ నడుం కుంగి, తలుపు మళ్లీ సరిగా పడదు. కార్బ్యురేటర్ల పని ఎప్పుడైనా చేసుకోవచ్చు.