సరిహద్దు దాటింది సరుకే... డ్రైవరుకు మినహాయింపు వర్తించేనా?

అమెరికాలో ఇంటింటికీ సరుకు చేరవేసే డ్రైవరుకు రావలసిన సొమ్ము కంపెనీ ఎగవేస్తే అతడు కోర్టుకు వెళ్లవచ్చునా? పనిలో చేరేనాడు చేసిన సంతకమే చాలామందికి అడ్డంకిగా మారుతోంది. తగాదా ఏదైనా న్యాయస్థానంలో కాక మధ్యవర్తి ఎదుటే తేల్చుకోవాలన్న షరతు ఆ ఒప్పందపత్రంలో ఉంటుంది. దీనిని మన రచ్చబండ తీర్పుతో పోల్చరాదు. రచ్చబండ వద్ద ఊరంతా వింటుంది. ఇక్కడ మూసిన తలుపుల వెనుక డ్రైవరు ఒంటరిగా వాదించుకోవాలి. అందరూ కలిసి దావా వేయరాదన్న షరతు సైతం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2018లో 5-4 ఆధిక్యతతో తేల్చింది. కొద్దిపాటి బకాయి కోసం ఒక్కడే న్యాయవాదిని పెట్టుకోగలడా?

ఈ షరతులకు బలమిచ్చేది 1925 నాటి ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం. అయితే నావికులకు, రైల్వే ఉద్యోగులకు, రాష్ట్రాల మధ్య లేదా విదేశీ వాణిజ్యంలో నిమగ్నమైన ఇతర కార్మికులకు దాని మొదటి సెక్షనే మినహాయింపునిచ్చింది. వివాదమంతా ఆ ‘ఇతర కార్మికులు’ ఎవరన్నదే. రవాణా కార్మికులు మాత్రమేనని 2001లో సుప్రీంకోర్టు నిర్వచించింది. ‘వారు ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు’ అన్న కంపెనీల వాదన 2019లో వీగిపోయింది. విమానాల్లో సామాను ఎక్కించేవారికి 2022లో మినహాయింపు దక్కింది. యజమాని రవాణా వ్యాపారంలోనే ఉండనక్కరలేదని రొట్టెల పంపిణీదారుల కేసులో 2024లో స్పష్టమైంది.

మరి రాష్ట్రం ఎల్లలు దాటని డ్రైవరు సంగతేమిటి? సరుకు ఎక్కడినుంచి వచ్చిందన్నదే కీలకమని కొన్ని అప్పీలు కోర్టులు భావించాయి. అమెజాన్ పొట్లాలు అందించే ఫ్లెక్స్ డ్రైవర్లకు 2020లో రెండు అప్పీలు కోర్టులు మినహాయింపు ఇచ్చాయి. అదే సంవత్సరం, హోటల్ నుంచి భోజనం చేరవేసే గ్రబ్‌హబ్ డ్రైవర్లకు ఏడవ సర్క్యూట్ కోర్టు నిరాకరించింది. ఆ తీర్పు రాసిన ఏమీ కోనీ బారెట్ అనంతరం సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. పొట్లానికి ఒక న్యాయం, పళ్లేనికి ఒక న్యాయమా అని అనిపించవచ్చు. కానీ పొట్లం ప్రయాణం పొరుగు రాష్ట్రంలో మొదలై గుమ్మం వద్ద ముగుస్తుంది. భోజనం ప్రయాణం ఊళ్లోనే మొదలవుతుంది. చట్టంలోని మాటలను బట్టి ఈ తేడా సబబే.

సరిహద్దు దాటని, దాటే వాహనాల జోలికి పోని పంపిణీదారు మినహాయింపు పొందునా అన్న కొలరాడో కేసును సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో విచారణకు స్వీకరించింది. డ్రైవర్లు గెలిచినా చిక్కు పూర్తిగా వీడదు. ఫెడరల్ చట్టం వర్తించకున్నా రాష్ట్ర ఆర్బిట్రేషన్ చట్టం కింద షరతు అమలు చేయవచ్చని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2020లోనే తీర్పు చెప్పింది.