ఫార్మాట్ కొట్టించే ముందు నాలుగు ప్రశ్నలు

యూట్యూబ్ ఆడుతోంది, మెయిల్ తెరుచుకుంటోంది. దరఖాస్తు పంపాల్సిన సైటు మాత్రం రావడం లేదు. గడువేమో రేపే. ఇలాంటప్పుడు మన ఇళ్లలో వినిపించే సలహా ఒక్కటే: 'వైరస్ పట్టి ఉంటుంది, ఫార్మాట్ కొట్టించెయ్!' కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేసినవాళ్లు కూడా ఇదే మాట అనడం నాకు మింగుడుపడదు. ఫార్మాట్ అంటే తప్పెక్కడుందో వెతకకుండా చేతులెత్తేయడమే. ఆ హడావుడిలో ప్రాజెక్టు ఫైళ్లు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు పోతే అది అదనపు నష్టం.

కొన్ని సైట్లు వస్తున్నాయంటే నెట్ పనిచేస్తున్నట్టే. వెతకాల్సిన చోటు సగం తగ్గిపోయింది. ఇక నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, ఆ సైటు ఇంకెక్కడైనా వస్తోందా? అదే వైఫై మీద ఫోన్‌లో తెరవండి. తర్వాత వైఫై ఆపేసి మొబైల్ డేటాతో చూడండి. ఎక్కడా రాకపోతే లోపం చాలావరకు ఆ సైటుదే. ఆఖరి రోజు రద్దీకి సర్వర్ మొరాయిస్తుండొచ్చు. మొబైల్ డేటాలో వచ్చి వైఫైలో రాకపోతే రౌటర్‌నో, నెట్ ఇచ్చే కంపెనీనో అనుమానించాలి. ఫోన్‌లో రెండు విధాలా వస్తుంటేనే కంప్యూటర్ వైపు చూడండి. మొబైల్ డేటాలో వస్తోందా? అయితే హాట్‌స్పాట్ పెట్టి ముందు దరఖాస్తు పంపేయండి, రిపేరు సంగతి తర్వాత.

రెండోది, తెర మీద ఏం రాసి ఉంది? 'ఏదో ఎర్రర్ వచ్చింది' అంటే సరిపోదు. 'ఎన్ఎక్స్ డొమైన్' అని ఉంటే ఆ పేరుకు చిరునామా దొరకలేదని. 'టైమ్డ్ అవుట్' అంటే తలుపు తట్టినా ఎవరూ పలకలేదని. '403 ఫర్బిడెన్' అంటే అవతల పలికారు గానీ లోపలికి రానివ్వలేదని. 'కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని హెచ్చరిస్తే ముందు కంప్యూటర్‌లో తేదీ చూడండి. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు సైటు సర్టిఫికెట్ గడువుతో ఆ తేదీ కుదరక బ్రౌజర్ ఆపేస్తుంది. తేదీ సరిగ్గానే ఉన్నా హెచ్చరిక వస్తుంటే మాత్రం అక్కడ పాస్‌వర్డ్ కొట్టకండి.

మూడోది, పేరు చిరునామాగా మారుతోందా? సైటు పేరును ఐపీ అంకెలుగా మార్చి చెప్పేది డీఎన్ఎస్. కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఎన్ఎస్‌లుకప్' అని కొట్టి, పక్కన సైటు పేరు ఇవ్వండి. అంకెలు రాకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్‌ను గూగుల్ వారి 8.8.8.8కో, క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1కో మార్చి చూడండి.

నాలుగోది, మధ్యలో ఎవరైనా అడ్డుపడుతున్నారా? యాంటీవైరస్, వీపీఎన్, ప్రాక్సీ, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్... వీటిలో ఏదైనా కావచ్చు. విండోస్‌లో 'హోస్ట్స్' అనే చిన్న ఫైలు ఉంటుంది. అందులో ఎవరైనా ఒక లైను చేరిస్తే ఒక్క సైటునే దారి మళ్లించవచ్చు. ఇక యాంటీవైరస్ కంపెనీల సైట్లు, విండోస్ అప్‌డేట్ మాత్రమే రాకపోతే వైరస్ అనుమానం న్యాయమైనదే. 2008లో బయటపడ్డ కాన్ఫికర్ వార్మ్ చేసిన పని అదే.

అప్పుడైనా ఫార్మాటే దిక్కా అంటే, అదీ కాదు. డీఎన్ఎస్ ఛేంజర్ కథ చూడండి. సుమారు 40 లక్షల కంప్యూటర్ల డీఎన్ఎస్ సెట్టింగ్స్ మార్చేసిన ముఠాను 2011 నవంబరులో ఎఫ్‌బీఐ బయటపెట్టింది. దాని బారిన పడినవాళ్లకు ఒక్కసారిగా నెట్ ఆగిపోకుండా తాత్కాలిక సర్వర్లు పెట్టి, 2012 జులై 9న వాటిని ఆపేశారు. ఆ మాల్వేర్ కొన్నిచోట్ల ఇంటి రౌటర్‌లోని సెట్టింగ్స్ కూడా మార్చింది. రౌటర్ అలాగే ఉంటే కంప్యూటర్‌ను పదిసార్లు ఫార్మాట్ చేసినా ఏం లాభం?

ఇదంతా ఇంటి కంప్యూటర్ కోసమే అనుకోకండి. టెక్నికల్ సపోర్ట్, నెట్‌వర్కింగ్ ఉద్యోగాల్లో రోజూ చేసేది ఇదే. 'నెట్ ఉంది, ఒక సైటు రావట్లేదు, ఏం చేస్తారు?' అని ఇంటర్వ్యూలో అడిగితే, మీ నుంచి ఆశించేది కమాండ్ల జాబితా కాదు. ఏది ముందు, ఏది తర్వాత, ఎందుకు అన్న వరస. ఆ వరస కోచింగ్ మెటీరియల్ బట్టీ పడితే రాదు, చేతులు పెడితేనే వస్తుంది.

అందుకే ఈసారి మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఏదైనా సైటు మొరాయిస్తే అదృష్టంగా తీసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఫలితం లేకపోతే మళ్లీ పాత సెట్టింగ్ పెట్టేయండి. ఏం చేశారో, ఏం కనిపించిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. మూడు నాలుగు కేసులయ్యాక, ఇంటర్వ్యూలో ఆ ప్రశ్నకు చెప్పడానికి మీ సొంత జవాబు ఉంటుంది.