ఎండుచేపకి ఇసకేనా గతి?

2025 జనవరి 8న విశాఖ వచ్చిన ప్రధాని, పూడిమడకలో కట్టబోయే గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారు. పెట్టుబడి లక్షా 85 వేల కోట్ల రూపాయలు. రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్, దాని వెనక 20 గిగావాట్ల కరెంటు. సరుకు ప్రధానంగా ఎగుమతికే. మన ఎండ, మన గాలి ఓడెక్కి పరదేశం పోతాయన్నమాట. పోనీండి. అదే ఎండతో, ఒక్క యూనిట్ కరెంటు కాల్చకుండా, చేపని నెలల తరబడి నిలవ చేస్తున్న మత్స్యకార ఆడవాళ్లకి ఎవరు ఏ రాయి వేశారు?

భీమిలి నుంచి పూడిమడక దాకా ఏ పల్లె ఒడ్డుకైనా వెళ్లి చూడండి. నెత్తళ్లు, కవళ్లు, సావిడాయలు, రొయ్యపొట్టు ఇసక మీదో, పాత వలల మీదో పరిచి ఉంటాయి. కాకిని తోలాలి, కుక్కని తరమాలి. ఈగ గుడ్డు పెట్టిందంటే రెండ్రోజుల్లో పురుగు. విశాఖ పాతనగరం వైపైతే పోర్టు బొగ్గు దుమ్ము అదనం. తీరా సరుకు సంతకి చేరాక బేరగాడు గుప్పెడు తీసి దులిపి, ఇసక రాలుతోందని రేటు కోస్తాడు. ఆ ఇసక ఖరీదు ఎప్పుడూ చేప ఎండబెట్టిన ఆడమనిషే కడుతుంది.

అంతకంటే పెద్ద దెబ్బ క్యాలెండర్ కొడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలకి గుడ్లు పెట్టే కాలం, నిషేధం ఉండాల్సిందే, పేచీ లేదు. కానీ మాడ్చే ఎండలున్నన్నాళ్లూ మరపడవలు ఒడ్డునే ఉంటాయి. జూన్ 15న అవి సముద్రం మీదికి పోయేసరికి నైరుతి మబ్బు దిగుతుంది. చేప దండిగా పడే వేళకి ఎండ ఉండదు. ఆ తర్వాత అక్టోబరు, నవంబరు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో విశాఖకి చెప్పక్కర్లేదు. బంగాళాఖాతం వేడెక్కేకొద్దీ తుపాన్లు ముదురుతున్నాయని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. కర్బనం వదిలేది ఎవరో, కుళ్లిన చేపని పారబోసేది ఎవరో చూడండి.

దీనికి మందు చంద్రమండలంలో లేదు. నల్లటి నేల, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ గుడారం, కింద గాలి లోపలికొచ్చే కంత, పైన ఆవిరి పోయే దారి. లోపల వేడి 50 డిగ్రీల చుట్టూ ఉంటే చాలు. మరీ ఎక్కువైతే చేప ఎండదు, ఉడుకుతుంది. ఆఫ్రికాలో మలావి సరస్సు ఒడ్డున ఉసిపా అనే చిట్టిచేపని ఇలాంటి గుడారాల్లో ఎండబెడుతున్నారు. మనకి అంత దూరం పోవాల్సిన పని కూడా లేదు. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మబ్బు రోజుల్లోనూ పనిచేసేలా, ఎండకి తోడు మరో వేడిని జోడించిన సోలార్ డ్రయర్లు తయారుచేసింది. ఆ సంస్థ పరిశోధన కేంద్రం ఒకటి విశాఖలోనే ఉంది! తీరంలో కట్టడాలకి అనుమతి లేదని ఎవరైనా నసిగితే తీరప్రాంత క్రమబద్ధీకరణ నోటిఫికేషన్ వాళ్ల ముందు పెట్టండి. మత్స్యకారులకి చేపలు ఎండబెట్టుకునే యార్డులు కట్టవచ్చని అందులో రాసే ఉంది.

ఎండుచేపకీ వాతావరణానికీ ఏం సంబంధమని నవ్వే పెద్దమనుషులు ఉన్నారు. ప్రపంచ కర్బన ఉద్గారాల్లో 8 నుంచి 10 శాతం వృథా అయ్యే తిండి ఖాతాలోవే. చేప కుళ్లితే దాన్ని పట్టడానికి కాల్చిన డీజిలూ, ఐసు కోసం కాల్చిన బొగ్గూ దండగే. పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రంలో 2,000 మెగావాట్లు తయారయ్యేది బొగ్గుతోనేగా. ఎండుచేపకి ఐసు అక్కర్లేదు, కోల్డ్ స్టోరేజీ అక్కర్లేదు. గోనెసంచిలో ఘాట్ రోడ్డెక్కి అరకు, పాడేరు సంతలకి పోతుంది. ఇంత శుభ్రమైన సరుకు మీ హబ్బులో తయారవుతుందేమో చూపించండి.

అలాగని నాలుగు డ్రయర్ పెట్టెలు పంచి, ఫొటో దిగి వెళ్లిపోతే ఊరుకోం. ఉప్పుగాలికి తుప్పు పట్టిన పథకాలు ఈ ఒడ్డు చాలానే చూసింది. యార్డు స్థలం ఆడవాళ్ల సంఘం పేరున రాయాలి. ప్లాస్టిక్ చిరిగితే మార్చే డబ్బు ముందే బ్యాంకులో వేయాలి. మబ్బు రోజుల హీటర్‌కి కరెంటు ఉచితంగా ఇవ్వాలి. 20 గిగావాట్ల లెక్క చెప్పేవాళ్లకి అది చేతికంటిన తడి పాటి కూడా కాదు.

డబ్బెక్కడిదంటారా? 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకి ఖర్చుపెట్టాలి. అనకాపల్లి, విశాఖ కలెక్టర్లు ఆ కంపెనీలని కూర్చోబెట్టి అడగాలి. అడిగేదాకా మత్స్యకార సంఘాలు, యూనియన్లు, ఆదివారం ఎండుచేపల పులుసు తినే మనమూ కలెక్టరేట్ల మెట్లెక్కాలి. వచ్చే జూన్ 15న బోట్లు కదిలేలోగా మొదటి యార్డు పూడిమడకలో లేవాలి.