కరువు సెలవులలో పడవ విహారం: ఏ చెరువు నీరు ఎవరిది?

వరుసగా మూడు రోజులు సెలవు దొరికితే పిల్లలు అడిగే మొదటి మాట "పడవ ఎక్కుదామా?" అనేదే. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల తెలుగు గ్రామాలకు ఇది కొత్త కోరిక. మన తాతల కాలంలో చెరువులో తెప్ప కనబడేది తెప్పోత్సవం నాడే. నీరు చాలని ఏడు దేవుడికే తెప్ప లేదు. ఇప్పుడు కరువు ఏడైనా సరే, సెలవు వచ్చిందంటే ఎక్కడో ఒకచోట నీరు వెదకుకొని కార్లు, టెంపోలు బయలుదేరుతున్నాయి.

2023 లో కర్ణాటక ప్రభుత్వం మొత్తం 236 తాలూకాలలో 223 తాలూకాలను కరువు పీడితమైనవిగా ప్రకటించింది. మరుసటి వేసవిలో బెంగుళూరు నగరవాసులే ట్యాంకరు నీటి కోసం పడిగాపులు పడ్డారు. నిండుగా పారే జీవనది ఒక్కటీ లేని కోలారు వంటి జిల్లాలో, వాన లేని ఏట ఒక చెరువు నిండుగా కనబడితే సంతోషించడానికి ముందు ఆ నీరు ఎక్కడినుండి వచ్చిందో అడగాలి. పడవ ఉందా, టికెట్టు ఎంత అనే ప్రశ్నలు ఆ తరువాతివి.

సమాధానం మనలో చాలామందికి తెలిసినదే; విహారం వేళకు గుర్తుకు రాదు. బెంగుళూరు మురుగునీటిని కోరమంగళ–చల్లఘట్ట లోయలో రెండు దశలలో శుద్ధిచేసి, గొట్టాల ద్వారా కోలారు చెరువులకు పంపుతున్నారు. ఆ నీరు 2018 జూన్‌లో మొట్టమొదట లక్ష్మీసాగర చెరువుకు చేరింది. జూలైలో నురుగు కనబడడంతో సరఫరా ఆగిపోయి, పిమ్మట మరల సాగింది. చిక్కబళ్లాపురం వైపునకు ఇదే విధంగా హెబ్బాళ–నాగవార లోయ నీరు వస్తున్నది.

ఈ పథకం ఉద్దేశం భూగర్భజలాన్ని పెంచడం. చెరువులోని నీటిని రైతులు నేరుగా పంపులతో ఎత్తిపోసికొనరాదన్నది నిబంధన. ఎండిన బోర్లలో నీరు పైకి వచ్చిందని చెప్పే రైతులు ఎందరో ఉన్నారు. వారి అనుభవాన్ని కాదనలేము. మూడవ దశ శుద్ధి కూడా చేసి తీరవలసిందేనని శాశ్వత నీటిపారుదల పోరాట సమితి ఏళ్ల తరబడి కోరుతున్నది. ఆ కోరిక న్యాయమైనదేనని నా అభిప్రాయం. ఆ వివాదం ఎటు తేలినప్పటికీ, మన కుటుంబానికి సంబంధించిన మాట ఒకటి మిగులుతుంది. పైరుకే నేరుగా పెట్టరాదన్న నీటిలో పిల్లలను ఆడించవచ్చునా? పడవ ఎక్కిన పిల్లవాడు నీటిలో చేయి పెట్టకుండా ఉండడు. ఆ చేతితోనే బొరుగులు తింటాడు.

హోసూరు వైపు బంధువులున్నవారు కెలవరపల్లి జలాశయం పేరు చెబుతారు. బెంగుళూరు పరిసరాల వ్యర్థజలాలను మోసికొని దక్షిణ పినాకిని అక్కడికే చేరుతుంది. పలుమార్లు అక్కడ తెల్లని నురుగు గుట్టలుగా లేచింది. దానిని మంచుకొండ అనుకొని ముందు నిలబడి ఫోటోలు తీసికొన్నవారినీ చూశాము.

అటువంటప్పుడు శుభ్రమైన నీరున్న చోటికే పోదాము అంటారా? అసలు చిక్కు అక్కడే ఉన్నది. బంగారుపేట తాలూకాలో మార్కండేయ నదిమీద కట్టిన యరగోళు ఆనకట్టకు 2023 నవంబరులో ప్రారంభోత్సవం జరిగింది. కోలారు, మాలూరు, బంగారుపేట పట్టణాల తాగునీటికై కట్టినది అది. పాలారుమీది బేతమంగళం చెరువు బంగారు గనుల ఊరికి తరతరాలుగా తాగునీరు ఇచ్చింది. నీరు అడుగంటిన ఏట ఇటువంటి చోట ఇంజను పడవ తిప్పి, డీజిలు చుక్కలు, ప్లాస్టిక్ సంచులు వదలి వస్తే, అవి చేరేది మన చుట్టాల ఇంటి బిందెలోకే. వానలు బాగా పడి మరవ పారుతున్న చెరువు కొంత మురికిని సాగనంపుకొంటుంది. కరువునాటి చెరువుకు ఆ శక్తి లేదు. ఉన్న కొద్ది నీటిలోనే అంతా నిలిచిపోతుంది. చేపలు ఊపిరాడక తేలడం, పచ్చని నాచు కట్టి వాసన కొట్టడం వేసవిలోనే ఎక్కువ.

ప్రాణభయం వేరుగా ఉన్నది. నీరు తగ్గితే ప్రమాదమూ తగ్గుతుందనుకోవడం పొరపాటు. ఒడ్డునుండి నీటి అంచు వరకు అడుసు. కాలు పెడితే మోకాలి వరకు దిగబడుతుంది. అంతకు పూర్వం లోతున దాగిన మొద్దులు, బండలు పడవ అడుగుకు తగులుతాయి. వీటికంటె ఘోరమైనవి మట్టికోసం యంత్రాలతో తవ్విన గుంతలు. ఇటుక బట్టీలకనీ, పొలాలకనీ ఎవరికి వారు తవ్వి వదలినవి. మోకాటి లోతు నీటిలో నడుస్తూ ఉండగా ఒక్క అడుగు తేడాలో నిలువు లోతు వస్తుంది. పైనుండి చూస్తే అంతా ఒకే నీటిపరపు. పూర్వం నీరుగంటి ఒకడు ఉండి ఎక్కడ లోతో, ఎక్కడ మెట్టో చెప్పేవాడు. ఇప్పుడు అడిగితే చెప్పేవారే లేరు.

చెరువులను నమ్మలేక పులికాటు సరస్సు వైపు చూసేవారున్నారు. సముద్రంతో కలసిన ఉప్పునీటి సరస్సు గనుక వానలు తప్పినా చెరువువలె అది పూర్తిగా ఎండదు. అయితే వేసవిలో నీరు చాలాచోట్ల పలుచబడి పడవ ఇసుకను తాకుతుంది. ముఖద్వారం వద్ద అలల ఉద్ధృతి వేరు. 2011 డిసెంబరు 25న, క్రిస్మస్ సెలవునాడే, పళవేర్కాడు వద్ద పడవ బోల్తాపడి 22 మంది మరణించారు. సెలవునాటి సంబరం, ఒకే పడవలోకి బంధువులందరూ ఎక్కడం – ఇవి రెండూ మన ఇళ్లలోనూ ఉన్నవే. లైఫ్ జాకెట్టు ఇవ్వని పడవను, లెక్కకు మించి ఎక్కించుకొనే పడవను ఇచ్చిన డబ్బు పోయినా సరే దిగిపోవాలి. బేరమాడి పది రూపాయలు తగ్గించుకొనే మనము జాకెట్టు అడగడానికి మొగమాటపడతాము!

మా పాఠశాల పిల్లలు కూడా పడవ యాత్రే అడిగారు. ఈసారి చెరువు కట్టమీదికి మాత్రమే తీసికొనిపోయి తూము చూపించాము. రాతిమీద పాత నీటి గుర్తులు కొలిపించాము. 2021 నవంబరు వానలకు మన చెరువులు ఎన్నో ఏళ్ల తరువాత నిండి పొర్లాయని చెప్పాను. దానిని కన్నడంలో 'కోడి బిత్తు' అంటారనగానే తెలుగు పిల్లలు కోడిపెట్ట పడిందనుకొని పకపక నవ్వారు. ఆ కోడి మళ్లీ పడిన తరువాతి ఆదివారమే పడవ మాట ఎత్తండని చెప్పి పంపాను. మరునాడు తరగతికి వెళ్లి చూస్తే గోడమీది క్యాలెండరులో నవంబరు పుట తిప్పి ఉన్నది. ప్రతి ఆదివారం గడిలోనూ ఎవరో చిన్న పడవ బొమ్మ గీశారు.