ఆ గది తాళం తీయండి



పోయిన ఆదివారం సాయంత్రం ఆరున్నరకు మన బడి గేటు బయట పదకొండు మంది మగవాళ్లు నిలబడ్డారు. రెండేళ్లుగా వాళ్లు కూర్చుంటున్న గదికి కొత్త తాళం పడింది. ముందు ఒక మాట లేదు, కాగితం లేదు. తాళం వేసినవాళ్లను అడిగితే "తాగుబోతులు గుమిగూడుతున్నారని కంప్లైంటు వచ్చింది" అన్నారు. కాసేపు వేపచెట్టు కింద నిలబడి ఎవరి దారిన వాళ్లు పోయారు. వాళ్లలో పద్నాలుగు నెలలుగా చుక్క ముట్టని ఒకతను ఆ రాత్రి తాగాడు. తెల్లారి అతని భార్య మా గడప మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె లేచి వెళ్లాక ఈ కరపత్రం రాయడానికి కూర్చున్నాం.

మేం ఆ పదకొండు మంది ఇళ్ల ఆడవాళ్లం. ఆ గదిలో కలిసేది తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం, ఆల్కహాలిక్స్ అనానిమస్. దాని తరపున రాయడం లేదు. బయటి తగాదాల్లో తలదూర్చకూడదని, పేర్లు బయటపెట్టకూడదని వాళ్లకు నియమాలున్నాయి. వాళ్లు ఊరుకుంటారు. మేం ఊరుకోం.

తాగుడు ఇంటిని ఏం చేస్తుందో మీకు చెప్పక్కర్లేదు. మాన్పించడానికి మనం పడ్డ పాట్లూ మీకు తెలుసు. మాల వేయించాం. నలభై ఒక్క రోజులు స్వామి, మాల తీసిన సాయంత్రమే సీసా. గోడ మీద రాతలు చూసి, అతనికి తెలియకుండా అన్నంలో కలిపే మందు తెచ్చాం. ఆ పని ఇక ఎవరూ చేయకండి తల్లీ, అలాంటి మాత్ర కడుపులో ఉండగా తెలియక తాగితే ప్రాణం మీదికి వస్తుంది. నగలు కుదువపెట్టి నెల రోజులు డీఅడిక్షన్ సెంటర్లో ఉంచాం. తిరిగొచ్చి బస్సు దిగితే ఎదురుగా వైన్ షాపు. ఆ మొదటి సాయంత్రం ఎక్కడికి వెళ్లాలో డిశ్చార్జి కాగితంలో ఎవరూ రాయలేదు.

వెళ్లాల్సిన చోటు ఆ గదే. అక్కడ జరిగేదంతా గంటన్నర. ఒకరు లేచి తను ఆల్కహాలిక్‌నని చెప్పి తన కథ చెప్పుకుంటాడు, మిగతావాళ్లు అడ్డురాకుండా వింటారు. ఫీజు లేదు. చివర్లో డబ్బా తిరుగుతుంది, టీ ఖర్చూ గది అద్దే అందులోంచే. బయటివాళ్లు ఇస్తామన్నా పుచ్చుకోరు. రావడానికి ఒక్కటే అర్హత, మానాలన్న కోరిక. కొత్తగా వచ్చినవాడికి పాతవాడు తన ఫోన్ నంబరు ఇస్తాడు, రాత్రి పదకొండుకు మనసు లాగితే చేయమని. 1935లో అమెరికాలోని అక్రన్‌లో షేర్ మార్కెట్ మనిషి బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్, ఇద్దరు తాగుబోతులు కూర్చుని మాట్లాడుకోవడంతో ఇది మొదలైంది. పదేళ్లు మేం ఏడ్చి చెప్పినా తలకెక్కని మాట, తనలాగే పడి లేచినవాడు చెబితే మా ఆయన చెవికెక్కింది. అది మా కళ్లతో చూశాం.

ఇక ఆ తాళం సంగతి. వైన్ షాపు పొద్దున పదింటికి తెరిచి రాత్రి పదింటికి మూస్తారు. వారానికి ఎనభై నాలుగు గంటలు. దాని పక్క సందులో కూర్చుని తాగేవాళ్ల మీద ఈ ఊళ్లో ఎవరూ కంప్లైంటు ఇవ్వలేదు. బెల్టు షాపు ఎవరింట్లో నడుస్తోందో ఊరందరికీ తెలుసు, తాళం పడలేదు. తాళం వేయించినవాళ్లారా, మానినవాళ్లు వారానికి గంటన్నర కూర్చుంటే మీకు పరువు గుర్తొచ్చిందా? అదే బడి ఆవరణలో పెళ్లి భోజనాలు పెట్టారు, మూలన పడిన సీసాలు మర్నాడు పిల్లలు ఏరారు. అప్పుడు బడి పవిత్రత ఎటు పోయింది? వీళ్లు అద్దె కట్టారు, కుర్చీలు సర్దారు, ఊడ్చి వెళ్లారు. మీకు వాళ్లు తాగినప్పుడు అడ్డం కాలేదు, మానాక అడ్డమయ్యారు.

ఇది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట రోశమ్మ వెంట ఆడవాళ్లు సారా వేలంపాటలు ఆపించిన నేల. 1993 అక్టోబరు 1న సారా పోయింది, 1995లో మొత్తం మద్యమే నిషేధమైంది, 1997లో అదీ ఎత్తేశారు. అంగడి మూయించడం గురించి ముప్పై ఏళ్లు పోట్లాడుకున్నాం. తాగి తాగి ఒళ్లు గుల్లయినవాడు మానాక ఎక్కడ కూర్చోవాలో ఒక్క ప్రభుత్వమూ ఆలోచించలేదు.

ఆ మీటింగుల్లో దేవుడి మాట ఎత్తుతారట, మతం మారుస్తారట అంటున్నారు కొందరు! అందరూ రాదగ్గ మీటింగులూ ఉంటాయి, వచ్చి వెనక కుర్చీలో కూర్చుని వినండి. అక్కడ డాక్టరు దగ్గరికి వెళ్లొద్దంటారని ఇంకొకరు. ఎవరూ అనలేదు. రోజూ గట్టిగా తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ముందు ఆసుపత్రికే తీసుకెళ్లండి. దారి తెలియకపోతే డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. మీటింగు ఆ తర్వాతి ఏళ్ల కోసం.

మేం అడిగేది ఆ గది, అదే అద్దెకు, ఆదివారంతో పాటు బుధవారం కూడా. అలాంటి గది ప్రతి మండల కేంద్రంలో, చివరి బస్సు పోకముందే మీటింగు ముగిసేలా. మీటింగు రోజు, చోటు రాసిన బోర్డు ప్రభుత్వాసుపత్రిలో, బస్టాండులో, వైన్ షాపు ధరల పట్టిక పక్కన.

సోమవారం పొద్దున పదింటికి మండల ఆఫీసులో అర్జీ ఇస్తున్నాం. డ్వాక్రా అక్కలు గ్రూపులుగా రండి. మగవాళ్లూ రండి, తాగేవాళ్లయినా సరే. ఆ పద్నాలుగు నెలల మనిషి మర్నాడే మళ్లీ ఫోన్ చేశాడు, ఈ ఆదివారం మీటింగు ఎక్కడని. తాళం తీసేదాకా మా వాకిట్లో చాపలు పరుస్తాం, ఆరున్నరకు.